హైమావతి మాకరోనీ

మా హైమావతిని పొగడటం నాకంత ఇష్టమైన పని కాదు. ముప్ఫై ఏళ్ళుగా ఎదురింట్లో ఉన్న మనిషిని పొగిడితే ఆ తర్వాత ఆ వీధిలో కాపురం చేయడం కష్టం. పైగా నాకు చీజ్ గిట్టదు. తడిసిన మేజోళ్ళ వాసన వస్తుందని నా అభిప్రాయం. అలాంటిదాన్ని, చీజుతో చేసే ఒక వంటకాన్నీ దాన్ని చేసిన మనిషినీ మెచ్చుకుంటూ రాయడానికి కూర్చున్నానంటే, అందులో ఎంతో కొంత నిజం ఉండే ఉంటుందని మీరు నమ్మవచ్చు.

మేముండేది టొరంటోకి పడమటి పక్క, ఎటోబికోలో. విమానాలు మా ఇళ్ళ మీదుగానే దిగుతాయి. పెరట్లో మాట్లాడుకుంటున్నవాళ్ళం విమానం వస్తే ఆగి, అది వెళ్ళాక ఆపిన చోటే మళ్ళీ మొదలుపెడతాం. హైమావతిది అమలాపురం, నాది హనుమకొండ. నేను స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆవిడ ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టుగా చేసి రిటైరైంది. ఆవిడ భర్త దక్షిణామూర్తిగారు వంతెనలు డిజైన్ చేసిన ఇంజనీరు. కంచంలో ఏది పడితే అది తిని "బాగుంది" అనే మనిషి. అలాంటి భర్త దొరకడం అదృష్టమని నేనూ చాలాకాలం అనుకున్నాను.

ఉద్యోగంలో మిల్లీగ్రాముల లెక్కన బతికిన హైమావతి ఇంట్లో మాత్రం ఒక్క చెంచా కొలిచేది కాదు. రుచి కూడా చూసేది కాదు. దేవుడికి పెట్టకుండా వండిన గిన్నెను ఎంగిలి చేయకూడదని వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి. పూజ ఉన్నా లేకపోయినా ఆ పద్ధతి ఆవిడ చేతికి పట్టేసింది. వంటంతా ముక్కుతోనే. పోపులో మెంతులు ఎర్రబడ్డాయో లేదో పక్కగదిలోంచే చెప్పేది. చారు పొంగకముందే వాసన పట్టి పొయ్యి కట్టేసేది. ఆవిడ పులిహోరకి బ్రాంప్టన్ నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్ళు. నేనూ వండుతాను, నా వంటకి ఎవరూ ఊళ్ళు దాటి రాలేదు.

2021లో కోవిడ్ వచ్చి హైమావతి వాసన తీసుకుపోయింది. దాంతోపాటు రుచీ పోయింది. మాలో చాలామందికి పోయి, కొన్ని వారాలకి తిరిగి వచ్చాయి. ఆవిడకి రాలేదు. కాఫీపొడి డబ్బాలో ముక్కు పెట్టి కూర్చునేది. కర్పూరం, లవంగం, నిమ్మతొక్క వరసగా పెట్టుకుని పొద్దునా సాయంత్రం పీల్చమన్నాడు డాక్టరు. అవన్నీ ఓపిగ్గా చేసింది. చివరికి ఆయన కూడా ఇక రాకపోవచ్చన్నాడు. ఈ సంగతి మూర్తిగారికీ నాకూ తప్ప ఎవరికీ చెప్పవద్దని నా చేత మాట తీసుకుంది. నాకు కడుపులో మాట దాగదని పేరుంది గానీ, ఈ ఒక్క మాట మాత్రం దాచాను.

మరుసటి ఏడాది ఎండాకాలం మొదట్లో వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. కోవిడ్ తర్వాత అందరం కలవడం అదే మొదటిసారి. ఇల్లంతా పట్టుచీరలు, పలకరింపులు. హైమావతి ఎప్పటిలాగే పులిహోర కలిపింది. నువ్వులనూనె సీసా అల్మరాలో ఎన్నాళ్ళుగా ఉందో ఏమో, నూనె పాడైపోయింది. ఆవిడకి తెలియలేదు. నైవేద్యం కాబట్టి ఎవరూ ముందుగా నోట్లో వేసుకోలేదు. అలా అది దేవుడి ముందుకు వెళ్ళింది, ఆ తర్వాత మా ప్లేట్లలోకి వచ్చింది. మొదటి ముద్దకే అందరి మొహాలూ మారిపోయాయి. ఒక్కళ్ళూ నోరెత్తలేదు. కాగితం ప్లేట్లు మడిచి, పైన నాప్‌కిన్ కప్పి, చెత్తసంచిలో వేసి, "అద్భుతం హైమావతి గారూ" అంటూ కార్లెక్కారు. మూర్తిగారు మారు వడ్డించుకుని మరీ తిన్నారు.

అందరూ వెళ్ళాక నేనే చెప్పాను. "హైమా, నూనె పాడైంది. పులిహోర ఎవ్వరూ తినలే."

ఆవిడ చెత్తసంచి విప్పి చూసింది. మడిచిన ప్లేట్లు ఒక్కొక్కటే తెరిచింది. "దేవుడికి పాడైన నూనె పెట్టానా సుగుణా?" అంది. ఆ గొంతు నాకింకా గుర్తుంది. "చెప్పొచ్చు కదే వాళ్ళు. ఒక్కళ్ళు చెప్పొచ్చు కదా."

ఆ రోజుతో పోపుగిన్నె లోపల పెట్టేసింది. దేవుడి ముందు పళ్ళు, పటికబెల్లం మాత్రమే పెట్టేది. ఇంట్లోకి రొట్టెలు బయటినుంచి వచ్చేవి. జీవితమంతా పదిమందికి వండి పెట్టిన మనిషి కిటికీ దగ్గర కూర్చుని విమానాలు చూడటం మొదలుపెట్టింది. నాకు ఆవిడ మీద జాలి కంటే కోపం ఎక్కువ వచ్చేది. ముక్కు పోతే మనిషంతా పోతుందా అని అరిచాను కూడా. 

వాళ్ళ పక్కింటి లోరెయిన్ పుట్టింది అమెరికాలోని ఒహాయోలో. పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చి స్థిరపడింది. పొరుగావిడ నలతగా ఉందని తెలిసి, వాళ్ళ అలవాటు ప్రకారం ఒక గాజు ట్రే నిండా మాకరోనీ చీజు బేక్ చేసి తెచ్చింది. హైమావతికి దాని రుచి తెలియలేదు గానీ మర్యాదకి ఎలా చేశావని అడిగింది. లోరెయిన్ చెప్పుకుంటూ పోయింది. వెన్న ఇన్ని చెంచాలు, మైదా ఇన్ని చెంచాలు, పాలు ఇన్ని కప్పులు. గరిటె వెనక వేలితో గీస్తే ఆ గీత నిలవాలి. ఓవెన్ ఫారెన్‌హీట్‌లో మూడువందల యాభై డిగ్రీలు. అంచుల్లో బుడగలు రావాలి, పైన బ్రెడ్డుపొడి బంగారు రంగుకి తిరగాలి. అంతే.

ఆ సాయంత్రం హైమావతి నాకు ఫోన్ చేసింది. గొంతులో హుషారు విని చాలా నెలలైంది. "సుగుణా, ఇందులో ఎక్కడా వాసన చూడమని లేదే! అంతా కళ్ళతో చూసేదే, కప్పుతో కొలిచేదే. మా ల్యాబులో పని లాగే ఉంది."

అలా మొదలైంది. మాకరోనీ చీజు తర్వాత టొమాటో సూపూ, దానితో పెనం మీద కాల్చిన చీజ్ శాండ్‌విచ్. తర్వాత రాజ్మాగింజలతో చేసే చిల్లీ, పక్కన మొక్కజొన్నపిండి బ్రెడ్డు. అన్నీ అమెరికాలో అమ్మలు పిల్లలకి బడినుంచి రాగానే చేసిపెట్టే తేలిక వంటలు. ఒక గిన్నె, ఒక ట్రే, ఒక గడియారం ఉంటే చాలు. హైమావతి వంటిల్లు ల్యాబుగా మారింది. పాలజగ్గు మీదా నూనె సీసా మీదా టేపు ముక్క అంటించి తెరిచిన తేదీ రాసేది. తేదీ దాటితే ఎంత మిగిలినా పారబోసేది. చీజు పొట్లం వెనక సన్నక్షరాలు భూతద్దంతో చదివి, పాలు గడ్డకట్టడానికి వేసే, దూడ కడుపులోంచి తీసిన పదార్థం కలవని రకమే కొనేది. ఓవెన్ దగ్గర కుర్చీ వేసుకుని, అద్దంలోంచి చూస్తూ, బుడగల చప్పుడు వింటూ కూర్చునేది. నేను మాత్రం వేళాకోళం మానలేదు. "అమలాపురం అమ్మాయివి, అరవై దాటినంక అమెరికనువైతివి" అనేదాన్ని. "కెనడా వచ్చి అమెరికా వంట చేస్తున్నా, ఇంకా నయం, పాస్‌పోర్టు మార్చలేదు" అని నవ్వేది. నవ్వింది కదా అని నాకు ధైర్యం వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన పిల్లలు దిగడం మొదలుపెట్టారు. అంతకుముందూ వచ్చేవాళ్ళు, కానీ ఇలా కాదు. ఏ బస్‌స్టాప్‌లో నిలబడ్డా తెలుగు వినిపించేది. ట్రామ్ కోసం తవ్విపోసిన ఫించ్ రోడ్డు పొడుగునా, కొత్త జాకెట్ల టోపీలు లాక్కుని, ఫోన్లో దారి చూసుకుంటూ నడిచేవాళ్ళు. మా వీధిలో బేస్‌మెంట్లన్నిటికీ అద్దెకొచ్చారు. పగలు కాలేజీ, మిగతా టైములో ఎయిర్‌పోర్టు పక్క గోడౌన్లలో షిఫ్టు. జనవరిలో మొదలయ్యే కాలేజీ తరగతులకి హైమావతి వాళ్ళ బేస్‌మెంట్లోకి ధాత్రి అనే పిల్ల వచ్చింది. ఖమ్మం అమ్మాయి. సన్నగా ఉంటుంది, గలగలా మాట్లాడుతుంది.

ఒక శనివారం బాగా మంచు పడి బస్సులు ఆగిపోయాయి. ధాత్రి మెట్లెక్కి పైకొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. "ఆంటీ, కిందిదాకా వాసన వస్తోంది. ఏం చేస్తున్నరు?"

హైమావతి చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "ఏం వాసన?" అంది.

"వెన్నలో బ్రెడ్డు ఎర్రగా కాల్తున్నట్టు. ఇంకేదో పాలు మరిగినట్టు. నాకైతే ఆకలి లేచింది ఆంటీ."

"ఇంకోసారి చెప్పు" అందట హైమావతి. ధాత్రి విషయం అర్థం కాకపోయినా ఇంకోసారి చెప్పింది. ఈ మాట హైమావతి నాకు ఎన్నిసార్లు చెప్పిందో! తన వంటింటికి వాసన ఉందని ఆవిడకి తెలిసింది ఆ రోజే మరి.

మరుసటి శనివారం ధాత్రి ఇంకో ఇద్దరిని తెచ్చింది. ఆ పై శనివారం వాళ్ళు వాళ్ళ రూమ్మేట్లని తెచ్చారు. మార్చికల్లా శనివారం మధ్యాహ్నం వాళ్ళింటి గుమ్మం ముందు బూట్లు కుప్పపోసి ఉండేవి. మెట్ల మీద కూడా కూర్చుని తినేవాళ్ళు. మొదట్లో కొందరు మొహం వేలాడేశారు. తెలుగాంటీ ఇల్లంటే పప్పూ ఆవకాయా అనుకుని వచ్చారు పాపం. ఒకడు అడిగేశాడు కూడా, "పప్పుచారు చేయరా ఆంటీ?" అని. "పప్పు మీరే వండుకుంటున్నారుగా, నా దగ్గర ఇదే" అంది హైమావతి. రెండో చెంచాకి వాడు మాట్లాడటం మానేశాడు. వేడివేడిగా, చీజు తీగలు సాగుతూ, పైన కరకరలాడుతూ ఉండే మాకరోనీ ముందు మొహమాటపడే వయసు కాదు వాళ్ళది. ట్రేలు అంచుల దాకా గీకేవాళ్ళు. అంచున మాడిన ముక్క కోసం కొట్లాట అయ్యేది. వాళ్ళకి చేయడం కూడా నేర్పింది. క్లాసులో అందరూ తలా ఒక వంట తేవాలంటే, మనవాళ్ళు ఆ ట్రే పట్టుకెళ్ళి తెల్లపిల్లలు కూడా మళ్ళీ మళ్ళీ పెట్టించుకునేలా చేశారు. ధాత్రి గోడౌన్లో సూపర్‌వైజరు రెసిపీ అడిగిందట.

నేను రోజూ చూస్తున్నాను కాబట్టి చెప్తున్నాను. ఆ వంట రుచి ఆవిడకి తెలియదు, వాసన తెలియదు. అయినా శనివారం పొద్దున్నే లేచి, స్నానం చేసి, చీజు తురుముతూ పాట పాడుకునేది. తనకి దక్కని సుఖాన్ని పక్కవాళ్ళకి అంత ఇష్టంగా వండిపెట్టడం నా వల్ల అయ్యే పని కాదు. ఆ మాట ఆవిడ ముందు అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

సెప్టెంబరులో వినాయకచవితి వచ్చింది. పిల్లలందరూ కలిసి మట్టివినాయకుణ్ణి కొన్నారు. హైమావతి వాళ్ళ గరాజు శుభ్రం చేసి అందులో పెడతామన్నారు. మూర్తిగారు సరే అన్నారు. అప్పుడు ధాత్రి అంది, "నైవేద్యం మీ చేతిదే కావాలి ఆంటీ. ఉండ్రాళ్ళు, పులిహోర."

"దేవుడికి నేను వండను" అంది హైమావతి. అనేసి లోపలికి వెళ్ళిపోయింది.

పిల్లల్లో గుసగుసలు బయల్దేరాయి. ఆంటీకి దేవుడంటే పడదేమో అన్నారు ఒకరు. ఇన్నేళ్ళు ఇక్కడుండి మారిపోయారన్నారు ఇంకొకరు. అది నా చెవిన పడి ఒళ్ళు మండింది. నేరుగా ఎదురింటికి వెళ్ళాను.

"వాళ్ళకి చెప్పు హైమా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. లేకుంటే నేనే చెప్త."

"చెప్తే నా చేతి వంట తింటారా వాళ్ళు?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పాలు విరిగినా తెలీదు, నూనె పాడైనా తెలీదు ఈవిడకి అని తెలిశాక ఎవడు తింటాడే? నా శనివారాలు పోతాయి సుగుణా. నాకింక మిగిలింది అవే."

"సరే, నేనైతే చెప్పను. చెప్పేదుంటే నువ్వే చెప్పాలె" అని లేచి ఇంటికొచ్చేశాను.  

ఆ శనివారం ట్రేలు బల్ల మీద పెట్టి, ఎవరూ ప్లేటు అందుకోకముందే హైమావతి నోరు విప్పింది. "ఒక్క నిమిషం ఆగండమ్మా. తినే ముందు మీకో మాట చెప్పాలి." కోవిడ్ సంగతి చెప్పింది. వ్రతం సంగతి చెప్పింది. మడిచిన ప్లేట్ల దాకా ఏదీ దాచలేదు. "మీకు ఇన్నాళ్ళూ పెట్టినవన్నీ వాసన చూడకుండా, రుచి చూడకుండా వండినవే. ఇప్పుడు తింటారో మానతారో మీ ఇష్టం" అంది. 

 పైన విమానం ఒకటి వెళ్ళింది.  అది వెళ్ళాక ధాత్రి లేచి ప్లేటు తీసుకుని, ట్రేలోంచి పెద్ద ముక్క వడ్డించుకుంది. "ఐతే వినాయకుడికి కూడా ఇదే పెడదాం ఆంటీ" అంది. "పాలు, వెన్న, పిండి. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. ఆయన వద్దంటడా?"

నేను అడ్డం పడ్డాను. చీజేంటి, వినాయకుడేంటి, చాదస్తమైనా ఒక పద్ధతుండాలి కదా అన్నాను. మూర్తిగారు జీవితంలో మొదటిసారి నా మాటకి ఎదురు చెప్పారు. "కుడుములు ఆవిరి మీద ఉడికితే లేనిది, ఇది ఓవెన్లో ఉడికితే ఏం సుగుణగారూ?" అన్నారు. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు.

హైమావతి మాత్రం నవ్వలేదు. "మళ్ళీ ఎవరూ రుచి చూడకుండా ఆయన ముందు పెట్టను" అంది. "అలాగని ఎంగిలీ పెట్టను."

ఆ చిక్కుముడి ఎలా విప్పుతుందా అని రెండు రోజులు చూశాను. విప్పింది. చవితి రోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి పొయ్యి మీద పెద్ద గిన్నెలో మాకరోనీ కలిపి ఉంది. ట్రేలలోకి సర్దలేదు. అందులోంచి కొంచెం తీసి చిన్న గాజుగిన్నెలో విడిగా బేక్ చేసింది. "ముప్ఫై ఏళ్ళు ఇదే పని చేశాను సుగుణా" అంది. "బ్యాచ్‌లోంచి శాంపిల్ తీసి టెస్ట్ చేయనిదే ఒక్క మాత్ర కూడా గేటు దాటనిచ్చేవాళ్ళం కాదు. శాంపిల్ తీస్తే బ్యాచ్ ఎంగిలవదు. ఇంట్లో ఈ బుద్ధి ఎందుకు పుట్టలేదో!"

నేను చీజుకి పనికిరాను. మూర్తిగారు దేనికీ పనికిరారు. ధాత్రిని పిలిచింది. పిల్లలు కొందరు వెనకాలే వచ్చి గుమ్మంలో గుంపుగా నిలబడ్డారు. ధాత్రి ఊదుకుంటూ ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. నమిలింది. అందరివైపూ చూసింది.

"బాగుంది ఆంటీ" అంది.

"ధాత్రీ" అంది హైమావతి. "బాగుంది అని చాలామంది అన్నారమ్మా నాతో."

పిల్ల తల దించుకుంది. చెంచా తిప్పుతూ నిలబడింది. తర్వాత మెల్లగా అంది, "ఉప్పు తక్కువ ఆంటీ. ఎప్పుడూ కొంచెం తక్కువే. మేం కారప్పొడి తెచ్చుకుని మెట్ల మీద కూర్చుని చల్లుకుంటం. మీరు బాధపడ్తరని చెప్పలే."

గుమ్మంలో ఒకడు ధాత్రిని గిల్లాడు.  ఇన్ని నెలల శనివారాలూ ఒక్క మాటతో పోయాయనుకున్నాను.

 "లోరెయిన్ చెప్పినవన్నీ కప్పుల్లో చెప్పింది" అంది హైమావతి నెమ్మదిగా. "ఉప్పొక్కటే రుచికి తగినంత అంది. రుచి నాకెక్కడిదమ్మా? ఎక్కువైతే ఎవరూ తినరని భయపడి, భయపడి వేశాను." కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్న మొహం చూస్తే వెలిగిపోతోంది. వ్రతం రోజునుంచి ఆవిడ ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమేనని నాకప్పుడు తట్టింది. నాకే ఏడుపొచ్చింది, పక్కకి తిరిగాను.

చెంచా అందుకుని ఉప్పుడబ్బా మూత తీసింది హైమావతి. "ఎంత తక్కువ?" అని అడిగింది.

"అది నాకు తెల్వదు ఆంటీ."

"అయితే మళ్ళీ చూద్దాం, ఇక్కడే ఉండు" అంది. పావు చెంచా వేసి కలిపి, ఇంకో చిన్నగిన్నె ఓవెన్లో పెట్టింది. ధాత్రి పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది. గరాజులో వినాయకుడు నైవేద్యం కోసం ఎదురుచూశాడు, మేమందరం కూడా ఎదురుచూశాం.